‘నాకు మెడనొప్పే ఇష్టం’ అను బటన్‌పై పెద్దత్త దండయాత్ర

సకలలోకలోచనుడగు సూర్యభగవానుడు నడిమింటిని దాటి పడమటికి ఒరుగుచుండ, వీథివీథియెల్ల భోజనానంతర నిద్రాసుఖపరవశమై గురకపెట్టుచుండ, కుక్కలు సైతము మొరుగుట మాని నీడలు వెదకికొనుచుండ, ఒకానొక మేడమీది మూడుగదుల ఇంట, కుట్టుమిషను ప్రక్కన, దూదిపింజల నడుమ, ఒక మహాసంగ్రామము మొదలయ్యెను. కత్తులు లేని యుద్ధమేమి యుద్ధమని పెదవి విరువకుడు. విరిచినను నాకేమి, చెప్పుట మాననుగాక మానను.

ఆ ఇంటి కోడలు సూచీముఖాయుధధారిణి, కార్పాసకోటిసంచయనాయిక, దిండు కుట్టుటలో తనకు తానే సాటి. ఇంటిల్లిపాది ఆమెను వదిన యని పిలుతురు గనుక మనకును వదినయే. పరుపుల కంపెనీలో కుట్టుపని మాని, మెడ ఆను చోట గట్టిగను, తల ఆను చోట మెత్తగను ఉండు దిండ్లను తానే కల్పించి, ఆన్‌లైన్‌లో కొట్టు తెరచిన ధీరురాలు. తొలి దినములలో ఆర్డర్లు బాగుగనే వచ్చినవి. పిమ్మట, ఏ పాడుకళ్లు పడినవో, ఒక్కటియు రాలేదు. వెనుకగదిలో దిండ్లు కిటికీ చువ్వల దాక పేరుకొని, ఆ గదిలోనికి గాలి కూడ అనుమతి అడిగి రావలసిన దుస్థితి పట్టెను.

“నా దిండ్లే బాగోలేవేమో,” అనెను వదిన, ఒక దిండును ఒడిలో పెట్టుకొని దాని కుట్లు తడుముచు. “కంపెనీ సూపర్‌వైజర్ ఐదింటికి ఫోన్ చేస్తారట. మళ్లీ పనిలోకి వస్తానని చెప్పేస్తా. ఇక ఈ కొట్టు మూసేద్దాం.”

ఆ పలుకు విని, ల్యాప్‌టాప్ రథమధిరోహించియున్న ఆమె మరిది, ఆన్‌లైన్ పాఠశ్రవణమాత్రపండితుడు, ఆ కొట్టునకు తెరవెనుక సూత్రధారి, కుర్చీ కిర్రుమన లేచెను.

“అయ్యో వదినా, అప్పుడే చేతులెత్తేస్తావేంటి? ఆర్డర్లు లేకపోతేనేం, ఈమెయిళ్లు చూడు! ఈమెయిల్ అడ్రస్ అడిగే పాపప్ నేను పెట్టినప్పటి నుంచీ కుప్పలు తెప్పలుగా వచ్చి పడుతున్నాయి. పాపప్ వల్ల కొట్టుకి లాభమే కానీ నష్టం లేదు. నా మాట నమ్ము!”

వదిన తెరమీదికి వంగి చదివెను.

“‘పోరాబాబు’ అట. ‘విసిగించకు’ అట. ఇదిగో ఇంకొకళ్లు, ‘మీతాతకుపంపు’. వీళ్లకా నేను దిండ్లు అమ్మేది?”

“అందులో అసలువీ ఉంటాయిలే,” అని మరిది గొణిగెను. ఉన్నవో లేవో ఆ మహానుభావునకే తెలియదు.

ఇట్లు వాగ్యుద్ధము సాగుచుండగా తలుపు తోసికొని ప్రవేశించినది పెద్దత్త. వదిన అత్తగారికి అక్క, మరిదికి పెద్దమ్మ, ఒక తరము పిల్లలనంతటిని ఎక్కాలతో గడగడలాడించి విశ్రాంతి గొన్న లెక్కల టీచరు. ఆ ఉదయమే చుట్టపుచూపుగా వచ్చినది. వచ్చిన బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రించిన పాపమునకు ఆమె మెడ కుడివైపునకు బిగిసిపోయెను. ఎడమకు చూడవలసివచ్చినచో సర్వశరీరముతో, సందులో బస్సు మలుపు తిరిగినట్లు, మెల్లమెల్లగా తిరుగుచుండెను.

“ఏంటమ్మాయ్ ఆ ఏడుపు మొహం? అంతా విన్నాన్లే. నీ కొట్లో దిండు నేను కొంటాను. నా చేత్తో బోణీ!”

“మీరు కొనడమేంటి అత్తయ్యా! ఉండండి, లోపల్నించి ఒకటి తెచ్చిస్తా.”

“ఊరికే ఇస్తే అది బోణీ ఎలా అవుతుంది? అందరూ ఎలా కొంటారో నేనూ అలాగే కొంటాను. ఆ కళ్లజోడు ఇలా అందుకో.”

ఇట్లు పలికి, ఉపనేత్రాలంకృతనాసికయై, వామహస్తమున ఫోనును, దక్షిణతర్జనిని బాణమువలెను ధరించి, సోఫాయను యుద్ధభూమిపై పెద్దత్త ఆసీనురాలాయెను. కొట్టు తెరచుకొనెను. దిండుబొమ్మ ఒక్కటి, పాపము, అంచు మాత్రము కనబడెను. అంతలో! తెరనెల్ల ఆక్రమించుచు, దిండ్లనెల్ల మ్రింగుచు, చతురస్రాకారదేహముతో, ఎఱ్ఱని అంచులతో పాపప్ లేచి నిలిచి ఇట్లు గర్జించెను: ‘ఆగండి! మెడ హాయిగా ఉండాలా? ముందు మీ ఈమెయిల్ ఇవ్వండి!’

“ఇదేంట్రా మధ్యలో?”

“పాపప్ అంటారు పెద్దమ్మా.”

“పాపమూ అప్పూ కలిసినట్టుంది పేరు. లోపలికి రానివ్వకుండా గుమ్మంలోనే ఊరూ పేరూ అడుగుతుందేం? దిండు చూపించమను ముందు. ఈమెయిల్ సంగతి తర్వాత.”

“ఇవ్వకపోతే ఇవ్వకులే. కింద ఇంకో బటన్ ఉంది, అది నొక్కు.”

పెద్దత్త తర్జని క్రిందికి దిగెను. బటన్‌పై గల అక్షరములను బడిపిల్లలు వినునట్లు ఎలుగెత్తి చదివెను: “‘వద్దు, నాకు మెడనొప్పే ఇష్టం.’”

చదివి, వేడిపెనము తాకినదాని వలె వ్రేలు వెనుకకు లాగికొనెను.

“ఛీ ఛీ! అవేం మాటల్రా? ఇప్పటికే మెడ పట్టేసి చస్తుంటే! పైన తథాస్తు దేవతలుంటారు. ఇలా నొక్కగానే అలా తథాస్తు అన్నారనుకో, జన్మంతా కుడివైపే చూస్తూ బతకాలా నేను?”

“అది ఊరికే పెద్దమ్మా! వద్దనేవాళ్లు సిగ్గుపడి ఈమెయిల్ ఇచ్చేస్తారని పాఠంలో చెప్పారు. అందుకే అలా రాశా.”

“ఆ పాఠం చెప్పినవాడికి మెడ లేదా?”

మరిది ఆశ చావక, పాపప్ మూలన ఆవగింజంత ఉన్న గుర్తును చూపి, “పోనీ ఆ ఇంటూ కొట్టు, పోతుంది,” అనెను.

పాపము, ఎవరితో ఏమి పలుకుచున్నాడో ఆ అమాయకునకు తోచలేదు! తప్పు జవాబులపై ఎఱ్ఱసిరాతో ఇంటూలు వేయుటలో జీవితమును ధారపోసిన పెద్దత్త నుదుట కనుబొమలు రెండును ముడివడెను.

“ఇంటూనా? నేనేం తప్పు చేశానురా ఇంటూ కొట్టుకోవడానికి? దిండు కొంటానన్నాను, అంతేగా!”

అని, ఫోను మూసి మరల తెరచెను. పాపప్ మరల లేచెను. ప్రక్కకు జరుపజూచెను, జరుగలేదు. ఊదెను, ఎగురలేదు. వదిన కొంగు నోటికి అడ్డము పెట్టుకొని నవ్వాపుకొనుచుండెను. అప్పుడు పెద్దత్త ఫోనును ఎదుట నిలిపి, తరగతిలో చివరి బెంచీకి సైతము వినబడు కంఠముతో పలికెను.

“ఏమే పెట్టె! నీలాంటి మొండిఘటాలని ఎంతమందిని చూశాను నేను! ఎక్కాలు రానివాణ్ణి కూడా ముందు కూర్చోమన్నానే గానీ, గుమ్మంలో నిలబెట్టి నీకు రావడం ఇష్టం లేదా అని ఎత్తిపొడవలేదు. కొనడానికి వచ్చిన మనిషిని నిలదీస్తావా? నీకో దండం, నీ కొట్టుకో దండం. నేను వేరే కొట్లో కొనుక్కుంటా, పో!”

ఫోను సోఫాపై బోర్లపడెను.

‘వేరే కొట్లో’ అను ఆ రెండు మాటలు మరిది గుండెను దూసికొనిపోయెను.

“అంటే... అందరూ ఇలాగే వెళ్లిపోయారా?”

వదిన మొగమున నవ్వు మాయమై, కన్నులు నిండెను. తరువాత ఆ నీటిలోనుండియే నిప్పు పుట్టెను.

“నీ బటన్ తగలెయ్య! ఇన్నాళ్లూ దూది మార్చాను, కుట్లు విప్పి మళ్లీ కుట్టాను, నాకు చేత కాదేమోనని కుమిలిపోయాను. అసలు నా దిండుని ఎవరూ చూడనేలేదా?”

పెద్దత్త సర్వశరీరముతో ఆమెవైపు తిరిగి, చేయి పట్టుకొనెను. “ఏడవకమ్మాయ్. ఇంటూ పడాల్సింది నీ దిండుకి కాదు, వీడి గుమ్మానికి.”

“తప్పయిపోయింది వదినా,” అనెను మరిది. ఆ మాట చిన్నగా అనినను నిజముగా అనెను. “ఇప్పుడే తీసేస్తాను.”

“ఊరికే తీసేస్తే సరిపోదు. అడిగేదేదో దిండు కొన్నాక అడుగు. వద్దన్నవాళ్లతో మర్యాదగా వద్దనిపించు. ఇంట్లో ఎవరైనా ఇంకో ముద్ద వడ్డించబోతే ఏమంటాం?”

“వద్దులెండి అంటాం.”

“అదే రాయి!”

అంతట మరిది దశాంగుళీనర్తనము ఆరంభించి, టకటకధ్వనులు గోడలను మార్మ్రోయించుచుండ, పాపప్‌ను గుమ్మమునుండి పెరికి పెరటికి తరలించెను. పెద్దత్త మరల ఫోనందుకొనెను. అహో! ఏ అడ్డును లేదు. దిండ్లు, తెల్లతెల్లని దిండ్లు, వరుసతీరి నవ్వుచుండెను. ఆమె ఒకటి ఎంచి ఆర్డరు పెట్టెను. వదిన ఫోను టింగుమనెను. పిమ్మట తెరమీద ఒక చిన్న ప్రశ్న వినయముతో నిలిచెను: ‘కొత్త దిండు కుడితే కబురు పెట్టమంటారా? ఇప్పుడు వద్దులెండి అన్నా సరే.’

“ఇలా అడిగితే ఎవరు కాదంటారు!” అని పెద్దత్త తన ఈమెయిల్‌ను ఒక్కొక్క అక్షరము పైకి చదువుచు కొట్టెను. ఆ కొట్టు పుట్టినదాదిగా ఎవరును తిట్టుకొనక ఇచ్చిన ప్రథమ ఈమెయిల్ అదియే!

సరిగా అప్పుడే ఫోను మ్రోగెను. కంపెనీ సూపర్‌వైజర్. ఏమని చెప్పుటో తెలియక ఉదయమునుండి నలిగిపోయిన వదిన, తెరమీది ప్రశ్నను ఒకసారి చూచి గొంతు సవరించుకొనెను.

“నమస్తే సార్. గుర్తుపెట్టుకుని అడిగారు, సంతోషం. ఇప్పుడు వద్దులెండి.”

ఆహా, ఎంత తేలికగా వచ్చినదో ఆ మాట! ఫోను పెట్టివేసి, వదిన వెనుకగదిలోనికి పోయి దిండు తెచ్చెను. “ఇదిగో అత్తయ్యా.”

“ఇలా కాదు. ఇంటికి తెచ్చిస్తామని రాసుంది. బయటికెళ్లి బెల్లు కొట్టు!”

వదిన బయటికి పోయి బెల్లు కొట్టెను, మరిది పరుగున తలుపు తీసెను, పెద్దత్త సంతకము పెట్టి దిండు పుచ్చుకొనెను. కిటికీ దాక ఉన్న దిండ్లలో ఒకటి తగ్గెను. తగ్గిన ఆ చోటునుండి కాస్త గాలి లోనికి వచ్చెను.

మరునాటి ఉదయము పెద్దత్త ఆ దిండుపై కన్నులు తెరచెను. ఎడమప్రక్కన కాఫీ గ్లాసుతో నిలిచిన వదిన శ్వాస బిగబట్టెను, గుమ్మమున మరిది చేతులు జోడించెను. జయము! జయము! ఆ మహావీరురాలి మెడ, భుజము కదలకుండ, నడుము తిరుగకుండ, తానొక్కటియే, బెత్తెడంత మేర, ఎడమకు తిరిగెను!

“తథాస్తు,” అనెను వదిన.