డబల్ డాక్టరు గారి తండ్రి

ఇట్లా దగ్గరగా జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పే కథ కాదిది. గొంతు పెంచినందువల్ల పుట్టిన కథ.

ఇనుప రాయి కోసం కొండలను తవ్వి, లారీలకెత్తి రేవులకు పంపిన రోజులవి. బళ్ళారి పక్కన సండూరు దారిలో ఒక్క చెట్టూ పచ్చగా ఉండేది కాదు. గోడలు ఎర్రన, ఎద్దులు ఎర్రన, ఆరేసిన పంచెలు ఎర్రన, ఆఖరికి కలుపుకున్న పెరుగన్నం కూడా ఎర్రన. అది దుమ్మని చెప్పినవాడిని పిచ్చివాడిని చూసినట్టు చూసేవారు, ఎందుకంటే అందరి కళ్ళకూ అది బంగారం. కురుగోడులో కాలవ కింద వరి పండించుకునే వెంకటప్పయ్య కూడా ఆ బంగారం చూసే మడి తాకట్టు పెట్టి లారీలు కొన్నాడు. లారీలు పిల్లలు పెట్టాయి. దున్నే మడక పట్టిన వేళ్ళకు ఉంగరాలు వచ్చాయి. యశ్వంతనగర్లో లారీల పని చూసుకోవడానికి ఒక ఇల్లు కూడా తీసుకున్నాడు. అన్నీ వచ్చాయి గాని, పేరు ఒక్కటి రాలేదు. గనుల దగ్గర అందరికీ లారీలున్నాయి, అందరి వేళ్ళకూ ఉంగరాలున్నాయి. ఇక వెంకటప్పయ్యను ప్రత్యేకంగా ఎవరు చూస్తారు?

ఆయనకు ఒక్కతే కూతురు, బిందుశ్రీ. బెంగళూరులో మందుల చదువు చదువుతున్నది. ఫార్మ్.డి. అని అప్పుడే కొత్తగా వచ్చిన చదువు అది. దానితో పాటే పరిశోధన కూడా చేసి పిహెచ్.డి. తీసుకోవచ్చునని ఆ కాలేజీలో ఒక దారి పెట్టారు. రోగం చూసి మందు రాసే డాక్టరు వేరు, ఆ మందు ఒంట్లోకి పోయి మేలు చేస్తున్నదా, పక్క మందుతో కొట్లాడుతున్నదా అని చూసే డాక్టరు వేరు. బిందుశ్రీ ఈ రెండో రకం. ఆ పిల్ల తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టి ఇదంతా ఓపికగా చెప్పింది. ఆయన కూడా ఓపికగా విని, అందులోనుంచి ఒకే ఒక ముక్క ఏరుకున్నాడు. డాక్టరు అనే మాట పేరు ముందు ఒకసారి ఫార్మ్.డి.కి, ఇంకోసారి పిహెచ్.డి.కి వస్తుంది. అంటే ఊళ్ళో ఉన్న డాక్టర్లంతా సింగిల్, తన కూతురు డబల్.

ఆ సెలవుల్లో యశ్వంతనగర్ ఇంటికి వచ్చిన బిందుశ్రీ పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే చద్ది తిని, గనుల కూలీల ఇళ్ళకు నడిచిపోయి, ఎవరింట్లో ఏయే మాత్రలు మింగుతున్నారో అడిగి తెలుసుకోవాలి. అలా అడగడానికి ఒప్పుకున్నట్టు వాళ్ళు సంతకమో వేలిముద్రో పెట్టాలి. కాలేజీ తెరిచేలోపు తగినంతమంది ఒప్పుకోకపోతే పరిశోధన సీటు ఇంకొకరికి పోతుందని పరిశోధన చేయించే మేడం ఖచ్చితంగా చెప్పింది. ఆ సీటు కోసం ఆ పిల్ల కళ్ళు గుంటలు పడేలా చదివింది.

"జనం రావల్లంటే జనానికి తెలియల్ల గదా పాపా," అన్నాడు వెంకటప్పయ్య. "ఆ సంగతి నాకొదిలెయ్."

ఆ మాట వినగానే అతని భార్య ఝాన్సీలక్ష్మి పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి, ఏమీ వదలవద్దని కూతురికి సైగ చేసింది. అప్పటికే ఆలస్యమైంది.

బిందుశ్రీ వీధి మలుపు తిరిగేసరికి తన బొమ్మే తనకెదురైంది. ఇల్లంత ఫ్లెక్సు. తల తనదే, మెడ కిందనుంచి ఎవరిదో తెల్ల కోటు, ఆ కోటు మీద గుండె గొట్టం. ఫోటో స్టూడియోవాడి ప్రతాపం అది. ఆమెకంటే పెద్దగా వెంకటప్పయ్య బొమ్మ చేతులు జోడించి నవ్వుతున్నది. కింద వరసలో బావమరుదులు, లారీ డ్రైవర్లు. అవతల ఆటోలో మైకు అరుస్తున్నది, డబల్ డాక్టరమ్మ గారు పేదలను ఉచితంగా చూస్తారని, వచ్చినవారికి బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ ఉంటాయని. షామియానా కింద అప్పటికే జనం కిక్కిరిసి కూర్చున్నారు. అందరికంటే ముందు ఉరుకుందమ్మ. గని గేటు దగ్గర రాళ్ళు ఏరే ముసలమ్మ, ఆ వీధిలో ఆమె మాటకు ఎదురు లేదు.

ఉరుకుందమ్మ వచ్చీ రాగానే రవిక చెయ్యి పైకి లాగి సూది వేయమన్నది. సూది వేయనని బిందుశ్రీ చెప్పింది. అయితే రెండో చేతికి వేయమన్నది. తాను మందిచ్చే డాక్టరును కాననీ, వాడే మందుల గురించి అడగడానికే వచ్చాననీ ఆ పిల్ల మొత్తుకున్నది. వెనకాల మైకు డబల్ అంటుంటే ముందర ఆమె కాదంటే ఎవరు నమ్ముతారు? పెద్ద డాక్టర్లకు అణకువ ఎక్కువని జనం మెచ్చుకున్నారు.

సరే, మీరు ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా అని ఆమె అడిగింది. ఒక్కరూ లేరు. ఉరుకుందమ్మ ఆకువక్కల తిత్తిలోనుంచి మాత్రల అట్ట సగం బయటికి వేలాడుతున్నా, ఆమె మాత్రం జన్మలో మాత్ర మింగలేదని దేవుని మీద ఒట్టు పెట్టింది. అక్కడి మర్యాద అది. బళ్ళారి డాక్టరు దగ్గర సండూరు డాక్టరు పేరెత్తితే ఆయన తిడతాడు. సండూరాయన దగ్గర బళ్ళారి ఊసెత్తితే వాడి దగ్గరికే పో అంటాడు. అందుకని డాక్టరు అన్న ప్రాణి కనబడితే చాలు, ఆ జనం మాత్రలన్నీ దాచిపెట్టి, ఏమీ ఎరగని పసిపాపల్లాగా నోరు తెరిచి నాలుక చూపిస్తారు.

పోనీ, రేపు ఇంటికి వస్తాను, ఇప్పటికి ఒప్పుకున్నట్టు ఇక్కడ సంతకం పెట్టండి అన్నది బిందుశ్రీ. ఆ కాలంలో ఆ సీమలో ఎవరితోనూ అనకూడని మాట అది. సంతకం పెట్టమని నవ్వుతూ వచ్చినవాళ్ళకు సంతకం పెట్టే ఎంతమంది చేలు గనులైపోయాయో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఉచితంగా సూది అనడం, బజ్జీలు పెట్టడం, చివరికి సంతకం అనడం. ఇంక చెప్పేదేముంది, జనం లేచారు. లేచేముందు బజ్జీలు మాత్రం పూర్తి చేశారు.

వదంతి ఆ సాయంత్రానికే వీధి దాటింది. దాటేటప్పుడు భూమి మాట రాలిపోయి, దగ్గు మాట అంటుకున్నది. దుమ్ముకు దగ్గేవాళ్ళందరి దగ్గరా సంతకాలు తీసుకుని గని మూయించడానికి సర్కారు ఒక డబల్ డాక్టరును దింపిందట. ఆ మాట లోడింగు కాంట్రాక్టరు గాళెప్ప చెవిన పడింది. ఆయన తల ఊపితేనే లారీకి లోడు. అంతే, వెంకటప్పయ్య లారీలన్నీ ఖాళీగా గేటు బయట నిలబడ్డాయి.

వెంకటప్పయ్య పరుగున పోయాడు. గాళెప్ప చేతిలో, దుమ్ము కొట్టుకుపోయిన ఫ్లెక్సు ముక్క ఉన్నది.

"ఏమప్పా వెంకటప్పయ్యా, నీ కూతురంట. ఏం డాక్టరు ఆయమ్మ?"

ఊరంతా చెవులు చిల్లులు పడేటట్టు కూతురి పట్టా చాటించిన మనిషి, ఖాళీ లారీల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"డాక్టరు కాదు ధణీ. ఉత్తదే. సూది పట్టుకునేది గూడా రాదు దానికి."

"నాకు చెప్తే ఏం లాభం? యా మైకులో డాక్టరంటివో, ఆ మైకులోనే కాదని చెప్పు. ఊరంతా ఇనల్ల."

మర్నాడు ఆటో మళ్ళీ వీధుల్లోకి వచ్చింది. ఈసారి మైకు పట్టుకున్నది స్వయంగా తండ్రే. మా అమ్మాయి డాక్టరు కాదు, సింగిలూ కాదు, డబలూ కాదు, వైద్యం తెలియదు, సర్కారుకూ ఆమెకూ ఏ సంబంధమూ లేదు, ఆమె వల్ల ఎవరికీ ఏ ఉపకారమూ జరగదు అని సందు సందులో ఆగి చెప్పాడు. ఎక్కడ సరిగా వినబడలేదంటే అక్కడ ఇంకోసారి చెప్పాడు. ఇన్నేళ్ళ చదువు తన ఇంటి ముందునుంచే ఊరేగింపుగా పోతుంటే బిందుశ్రీ గడపలో నిలబడి విన్నది. ఝాన్సీలక్ష్మి మొగుడి వంక చూడకుండానే బట్టల సంచి తెచ్చి కూతురికిచ్చింది. సీటు పోయిందని ఇద్దరికీ అర్థమైంది. బెంగళూరుకు పోయి మేడంతో ఆ మాట చెప్పడమే మిగిలింది.

సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి ఇంటి అరుగు మీద ఉరుకుందమ్మ కూర్చుని ఉన్నది.

"నువ్వు డాక్టరు కాదంట గదా పాపా?"

"మందిచ్చే డాక్టరును కాదవ్వా. మొన్న గూడా అదే చెప్తి."

"తిట్టవు గదా?"

"నేనెందుకు తిడతానవ్వా?"

ఉరుకుందమ్మ వీధికి రెండు వైపులా చూసి, తిత్తి విప్పి అరుగు మీద బోర్లించింది. ఎర్రవి, పచ్చవి, సగం విరిచినవి, ఒకే మాత్ర రెండు పేర్లతో రెండు ఊళ్ళ డాక్టర్లు ఇచ్చినవి, పక్కింటి ఆవిడకు నయమైందని అడిగి తెచ్చుకున్నవి. అన్నీ రోజూ మింగుతున్నానని, పొద్దున లేస్తే తల తిరుగుతున్నదని, ఏ డాక్టరుకూ చెప్పలేదని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆమె వెనకాల సందులోనుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, ప్రతి ఒక్కరి కొంగు కింద ఒక ప్లాస్టిక్ సంచి. బిందుశ్రీ భయపడుతూనే సంతకం మాట ఎత్తింది. జనం ఉరుకుందమ్మ ముఖం చూశారు.

"సూది గూడా ఏసేది రాని పిల్ల, మన చేను యాడ ఎత్తుకపోతాదే," అన్నది ఆమె. "ఇట్ల తే పాపా. ఏలు యాడ ఒత్తల్ల?"

ఆ పూటకు అరుగు చాలలేదు. పొద్దువాలే వేళకు గాళెప్ప జీపు వచ్చి ఆగితే వెంకటప్పయ్య మళ్ళీ మైకు అందుకోబోయాడు. గాళెప్ప దిగి, అందరినీ అవతలికి పంపి, జేబులోనుంచి ఒక పొట్లం తీశాడు. బళ్ళారి కంటోన్మెంట్ డాక్టరు ఇచ్చిన రక్తపోటు మాత్ర ఒకటి, ఆయనకు తెలియకుండా బెంగళూరులో రాయించుకున్నది ఇంకొకటి. రెండూ వేసుకుంటే మేలా కీడా అని డాక్టరు కాని ఆ పిల్లను రహస్యంగా అడిగాడు. పేర్లు వేరైనా రెండూ ఒకే మందని, ఏది ఉంచాలో ఈ రెండు మాత్రలూ ఒకే డాక్టరు ముందు పెట్టి అడగమని ఆమె చెప్పింది. పోయేముందు ఆయన కూడా సంతకం పెట్టాడు. మర్నాటినుంచి లారీలకు లోడు నడిచింది.

సీటు నిలిచిందని బెంగళూరునుంచి కబురు రాగానే వెంకటప్పయ్య ఇంకా పెద్ద ఫ్లెక్సు చేయించడానికి బయలుదేరాడు. కూతురు ఒకే మాట చెప్పింది. నేను డాక్టరునని ఒక్కరికి తెలిసినా వీళ్ళంతా మాత్రలు దాచేస్తారు, నా చదువు అక్కడే ఆగిపోతుంది. దానితో, పరిశోధన సాగినన్నాళ్ళూ ఆయన టీ కొట్టు దగ్గర, తూకం దగ్గర, పెళ్ళి పందిళ్ళలో, ఎవరు అడిగినా మా అమ్మాయి డాక్టరు కాదని చెప్పుకుంటూ తిరిగాడు. చెప్పినప్పుడల్లా ముఖం కందగడ్డ అయ్యేది. జనం మాత్రం, పాపం పిల్లకు చదువు అబ్బలేదు కాబోలు అని ఓదార్చేవారు.

ఇది గుర్తుపెట్టుకోండి, నలుగురికీ చెప్పండి. మీకు తోచినట్టు కొంచెం కలపండి, కొంచెం తీసేయండి, పర్వాలేదు. వెంకటప్పయ్య పేరు మాత్రం వదలకుండా చెప్పండి, పేరు కోసమే కదా పాపం ఆయన అంత అవస్థ పడింది.