రెండు నీళ్ళు కూడవు

"ఇకమీదట జిల్లాలో వాన కోసం ఎవరూ ఇష్టమొచ్చినట్టు పూజలు చేయరాదు. అన్నింటినీ శాస్త్రీయంగా సమన్వయం చేయడానికి ప్రత్యేక విభాగం పెడుతున్నాం" అని 1986 మే నెలలో కరువు మంత్రి ముత్యాలప్పగారు అనంతపురంలో ప్రకటించారు. ఆ విభాగంలో టైపిస్టుగా పనిచేసే భాగ్యం నాకు దక్కింది.

ప్రత్యేకాధికారి శ్రీరంగప్పగారు మేధావి. బెంగళూరులో శిక్షణకు వెళ్ళి ఒక ఆట నేర్చుకుని వచ్చారు. నలుగురు బల్ల చుట్టూ చేరి, తాము మాంత్రికులమనీ వీరులమనీ అనుకుని పాచికలు వేస్తారట. ఏ మంత్రం దేనితో కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి లావుపాటి రూల్సు పుస్తకం ఉంది. ప్రభుత్వంలో మంత్రాలకు రూల్సు లేవు కాబట్టి ఆయన దాన్నే ఫైల్లో పెట్టారు.

"ఏమప్పా, రెండు యాగాలు చేస్తే రెండు వానలు పడవా?" అని అడిగారు మంత్రిగారు.

"పడవు సార్. ఒకే రకం మంత్రాలు కూడవు. పెద్దదొకటే చెల్లుతాది, చిన్నది రద్దు. రకాలు వేరయితేనే కూడేది."

మంత్రిగారు తలాడించి, "మా పార్టీలో నేనూ, నా పైనోడూ మాదిరి" అన్నారు. ఆర్డరు వెంటనే టైపు చేశాను.

మొదటి ప్రయోగం యాడికి మండలంలో ఒక చిన్న ఊళ్ళో. కప్పల పెళ్ళి, యాగం, చర్చిలో ప్రార్థన. మూడూ వేరు వేరు రకాలు. శ్రీరంగప్పగారు మంత్రిగారి ఎదుట జీపు బానెట్ మీద పాచికలు వేసి, పదిహేను రోజుల్లో నాలుగంగుళాల వాన మంజూరు చేశారు.

అప్పుడే కూలిమనిషి ఓబమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని వచ్చింది.

"సామీ, బోరింగు చెడిపోయి నాలుగు నెల్లాయె. బాగు చేయించండి."

"ట్యాంకరు వస్తాండాది గదమ్మా?" అన్నారు మంత్రిగారు.

"వారానికొకతూరి వస్తాండాది."

శ్రీరంగప్పగారు పుస్తకం తెరిచారు. "బోరింగూ నీళ్ళే, ట్యాంకరూ నీళ్ళే. ఒకే రకం. ట్యాంకరు పెద్దది. బోరింగు రద్దు."

మంత్రిగారు ఆయన భుజం తట్టారు. కానీ మేధావి అక్కడితో ఆగడు. పేజీ తిప్పారు.

"సార్, మనం మంజూరు చేసిన వానా నీళ్ళే గదా! ట్యాంకరు కంటే ఎంతో పెద్దది."

ట్యాంకరు కూడా రద్దయింది.

"పడబోయే వానతో ఈ పొద్దు సంగటి యెట్ల కెలికేది సామీ?" అంది ఓబమ్మ.

"సంగటి వేరే శాఖమ్మా" అన్నారు మంత్రిగారు మృదువుగా.

ఆమె నా మొహంలోకి చూసింది. నేను కార్బన్ పేపర్లు సర్దుకున్నాను.

పదిహేను రోజులు గడిచాయి. వాన పడలేదు. తప్పు పాచికలదే కానీ పద్ధతిది కాదని శ్రీరంగప్పగారు నోట్ రాశారు. అంతకంటే గొప్ప ఫలితం వేరే కనిపించింది. జిల్లా అంతటి నుంచీ నీళ్ళ కోసం అర్జీలు గుట్టలుగా వస్తుంటే, ఆ ఊరి నుంచి ఒక్క అర్జీ లేదు. మంత్రిగారు పొంగిపోయి ఫిర్యాదులు లేని గ్రామంగా ప్రశంసాపత్రం రాయించారు.

ఆగస్టులో దాన్ని ఇవ్వడానికి వెళ్ళాం. ఏ ఇంటికి చూసినా తాళమే. పొరుగూరి సుబ్బన్న గొర్రెలు తోలుకుంటూ ఎదురొచ్చాడు.

"యాడికి పోయినారప్పా జనం?" అని అడిగారు మంత్రిగారు.

"అందరూ బెంగళూరికి కూలికి పోయినారన్నా."

"చూస్తిరా! ఉపాధి కూడా కల్పించినాం" అన్నారు మంత్రిగారు మావైపు తిరిగి.

ఓబమ్మ గుడిసె తలుపుకు ప్రశంసాపత్రం తగిలించి, దాని ముందు అరగంట ప్రసంగించారు. చప్పట్లు నేనూ డ్రైవరూ కొట్టాం.