బోరింగు చెడిన ఊరికి రోగాలుండవు

ఊళ్లో బోరింగు చెడిపోవడాన్ని మించిన ఆరోగ్య పథకం ఈ దేశంలో ఇంతవరకూ పుట్టలేదు!

ముక్కు మీద వేలేసుకోకండి. తాగే నీళ్లు గడప దగ్గరే దొరికితే మనిషి ఏమవుతాడు? బలుస్తాడు. బలిస్తే ఏమొస్తాయి? బీపీ, షుగరు, ఆయాసం! అదే నీళ్ల కోసం గుట్ట దాటి పోవలసి వస్తే? కాళ్లకు పని, గుండెకు పని. దారి పొడుగునా సర్కారును తిట్టుకోవచ్చు కాబట్టి నోటికి కూడా పనే. ఇంతటి భాగ్యం కాళ్ల దగ్గరికొస్తే, బోరింగు బాగుచెయ్యండి మహాప్రభో అని ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లను ఏమనాలి?

నమ్మకం కుదరకపోతే ముదిగుబ్బకు కూతవేటు దూరంలో ఉన్న ఎర్రగుట్టపల్లి గోవిందప్ప సంగతి వినండి.

గోవిందప్ప గుంతకల్లులో గూడ్సు గార్డుగా చేశాడు. ఉద్యోగమున్నంత కాలం రైలు నడిచింది, ఆయన కూర్చున్నాడు. రిటైరై సొంతూరు చేరాక కూడా ఆ కూర్చోవడం మానలేదు. కూర్చోగా కూర్చోగా షుగరు వచ్చింది. అరికాళ్లు మొద్దుబారిపోయి, చెప్పు జారిపోయినా తెలియని స్థితికి వచ్చాడు. భార్య నాగలక్ష్మమ్మ పోరు పడలేక డాక్టరు దగ్గరికి పోయాడు.

"రోజూ తెల్లవారగానే నడవాలి. చేతిలో బరువేమీ ఉండకూడదు. దారిలో నిలబడి కబుర్లు చెప్పకూడదు. చెమట పట్టేలా గబగబా నడవాలి. షుగరు తగ్గలేదా, ఎప్పుడో ఒకప్పుడు కాలు తీసెయ్యాల్సి వస్తుంది," అన్నాడు డాక్టరు.

కాలు తీసేస్తారంటే ఎవరికి భయముండదు? మర్నాడే గోవిందప్ప కాన్వాసు బూట్లు వేసుకుని, చెమట తుడుచుకోవడానికి భుజాన తువ్వాలు వేసుకుని బయలుదేరాడు.

ఇక్కడ మా సీమ పద్ధతి ఒకటి చెప్పాలి. తెల్లవారుతూనే భుజాన తువ్వాలుతో, వట్టి చేతులతో, ఎవరినీ పలకరించకుండా గబగబా నడిచిపోయే మనిషిని చూస్తే మా వైపు ఒక్కటే అర్థం. చావు కబురు మోసుకుపోతున్నాడని! ఆ మనిషి ఇంటి గడప తొక్కడు, వాకిట్లో నిలబడే చెప్తాడు. ఆ కబురు చెవిన పడిన ఇంట్లో శవాన్ని ఎత్తేదాకా పొయ్యి వెలగదు. పాపం డాక్టరుకు ఇదంతా ఎవరు చెప్పాలి? ఆయన చీటీలో రాసినదల్లా అచ్చంగా చావు కబురు నడకే అయి కూర్చుంది.

ఊరు దాటకముందే బండి మీద ఎదురైన వెంకటప్ప ఎద్దులను నిలిపాడు.

"ఏమప్పా గోవిందప్పా, ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలేదు. నడుస్తాండా."

"అదే, యాడికి?"

"యాడికీ లేదు. ఊరకే."

ఊరికే నడిచే మనిషిని వెంకటప్ప పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. దుఃఖంలో మతి చలించిందనుకుని, రెక్క పట్టుకుని బండెక్కించి, ఇంటి దగ్గర దింపి పోయాడు.

రెండో రోజు పక్క ఊరి దారి పట్టాడు. అక్కడ అంజనమ్మ అనే ముసలామె ఈయన్ను చూసీ చూడగానే పొయ్యిలో చెంబెడు నీళ్లు కుమ్మరించి, "అయ్యో, నా తమ్ముడా!" అని గుండెలు బాదుకుంది. తమ్ముడు నిక్షేపంగా ఉన్నాడని నచ్చజెప్పేసరికి గోవిందప్పకు తలప్రాణం తోకకొచ్చింది. ఆ సంతోషంలో ఆమె మళ్లీ పొయ్యి వెలిగించి, బెల్లం పాయసం వండి, ఆయన గిన్నె నాకేదాకా వదల్లేదు. ఆ వారం షుగరు ఇంకాస్త పెరిగింది.

కాలు పోయేటట్టే ఉందని అరుగు మీద దిగులుగా కూర్చున్న గోవిందప్పను చూసి, పక్కింటి రామాంజినమ్మ నెత్తిన ఖాళీ బిందెతో నిలబడిపోయింది. ఎండాకాలంలో బోరింగు చెడినప్పటినుంచీ ఆమె పొద్దూ మాపూ గుట్ట అవతల బయ్యన్న తోట బావికి పోయి వస్తూ ఉంది.

"మామా, చేతులూపుకుంటా పోతే జనం బెదరరా? నువ్వూ ఇట్లా ఒక బిందె ఎత్తుకోని పో. నిన్ను ఎవురన్నా అడిగితే అప్పుడు చెప్పు."

అంతే! బిందె భుజానికెక్కింది. ఆ దినం నుంచి గోవిందప్పను ఎవరూ ఆపలేదు, ఎవరూ ఏడవలేదు. కొన్నాళ్లకు షుగరు దిగింది, పాదానికి ముల్లు గుచ్చుకుంటే అబ్బా అనే యోగం పట్టింది. డాక్టరు వీపు తట్టి, "చూశారా, నడకకు మించిన వ్యాయామం లేదు!" అన్నాడు.

గోవిందప్ప పొంగిపోయి, మోకాళ్లు వాచి మెట్టు ఎక్కలేకపోతున్న రామాంజినమ్మను కూడా ఆ డాక్టరు దగ్గరికే తీసుకుపోయాడు. డాక్టరు మోకాళ్లు నొక్కి చూశాడు.

"నడక మానుకోవాలమ్మా. బరువు అసలే ఎత్తకూడదు."

"నేను నడవకపోతే నీళ్లు నడిచొస్తాయా సామీ?" అందామె.

గోవిందప్ప అయోమయంలో పడ్డాడు. "సార్, అదే దారి, అదే బావి, అదే బిందె. నా కాలు బాగైంది గదా!"

"మీది వ్యాయామం. ఆమెది పని," అన్నాడు డాక్టరు.

ఎంత గొప్ప సూత్రం! బూట్లు వేసుకుని నడిస్తే వ్యాయామం, వట్టికాళ్లతో నడిస్తే పని. ఒళ్లు కరగాలని నడిస్తే వ్యాయామం, ఒంట్లో కరగడానికేమీ లేనివాళ్లు నడిస్తే పని. గోవిందప్పకు మాత్రం ఇది వినగానే సిగ్గేసింది. తన కాలును నిలబెట్టిన దారే ఆ మనిషి మోకాళ్లను తినేసిందని బాధ కలిగింది. అటునుంచి అటే ముదిగుబ్బ పంచాయతీ సమితి ఇంజనీరు దగ్గరికి పోయి, బోరింగు బాగుచేయించమని అడిగాడు.

ఇంజనీరు పొట్ట నిమురుకున్నాడు. "భలేవారే! ఆ నడకతోనే కదా మీ కాలు దక్కింది? బోరింగు బాగుచేస్తే ఊరంతా షుగరొస్తుంది. ఆరోగ్యం చెడగొట్టమంటారా?"

గమనించారా? పైన మొదలుపెట్టిన వాదన నా బుర్రలో పుట్టింది కాదు. అంత తెలివి నాకెక్కడిది? అది ఆ మహానుభావుడిది.

మరుసటి దినం తెల్లవారగానే గోవిందప్ప బిందె ఇంట్లోనే పెట్టాడు. భుజాన తువ్వాలు వేసుకున్నాడు. వట్టి చేతులతో, ఎవరినీ పలకరించకుండా, గబగబా ముదిగుబ్బకు, ఇంజనీరు ఇంటికి నడిచాడు. వద్దన్నా వినకుండా రామాంజినమ్మ కుంటుకుంటూ వెనకాలే బయలుదేరింది. ఆమెను చూసి ఊళ్లో ఆడవాళ్లందరూ బిందెలు దించి కదిలారు.

ఇంజనీరు భార్య వాకిట్లో ముగ్గు వేస్తోంది. ఆమె మా సీమ ఆడబిడ్డే. తలెత్తి చూసి ముగ్గుచిప్ప జారవిడిచింది.

"అయ్యో, ఎవురు పోయినారన్నా?"

గోవిందప్ప గడప తొక్కలేదు. వాకిట్లోనే నిలబడి తల వంచుకున్నాడు.

"సారు చేతి కింద మా ఊరి బోరింగు ఉండె గదమ్మా. ఎండాకాలంలోనే సచ్చిపాయె. ఇంగా ఎత్తలేదు."

వెనక ఆడవాళ్లెవరూ నవ్వలేదు. ఇంజనీరు భార్య వాళ్ల ముఖాలు చూసింది, రామాంజినమ్మ మోకాళ్లు చూసింది. లోపలికి పోయి, కాఫీకి నీళ్లు మరుగుతున్న పొయ్యి ఆర్పేసింది.

"కాఫీ!" అని ఇంజనీరు లోపల్నుంచి కేకేశాడు.

"ఎత్తేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు," అంది ఆమె.

మధ్యాహ్నానికల్లా ఎర్రగుట్టపల్లికి మెకానిక్కుతో సహా జీపు వచ్చింది. సాయంత్రానికి బోరింగు నీళ్లు కక్కింది.

తరవాత జరిగిన నష్టం ఏమని చెప్పను? గోవిందప్ప తన కాలు కోసం బోరింగు కొడుతున్నాడు, వచ్చినవాళ్ల బిందెలన్నీ ఆయనే నింపుతున్నాడు. రామాంజినమ్మ పక్కన గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, "గెట్టిగా కొట్టు మామా, వ్యాయామం!" అని నవ్వుతోంది. ఆ ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒక్కసారిగా నడక తప్పింది. దేశ ఆరోగ్యం ఏమైపోవాలండీ?