కొండంతటికీ ఒకే బోర్డు

స్నోబోర్డు మీద జారడం ఎవరైనా నేర్చుకోగల విద్య అనీ, స్నోబోర్డును ఎంచుకోవడం మాత్రం ప్రభుత్వ కార్యాలయం ఉన్నచోటే సాధ్యమయ్యే కార్యమనీ మా కమినుమ పట్టణం పోయిన డిసెంబరులో తీర్మానించింది. (తీర్మానం మీద పదకొండు ముద్రలున్నాయి. కింది ఉద్యోగుల ముద్రలన్నీ పై అధికారి ముద్ర వైపు ఒరిగి, వంగి దండం పెడుతున్నట్టుంటాయి. నిటారుగా వేస్తే పొగరంటారు.)

మా ఊరి మంచు కొండ మీద అద్దెకిచ్చే బోర్డులు పాతికేళ్ళ నాటివి. కొత్తవి ముప్ఫై కొనాలి. ధర తక్కువుండాలి. మెత్తటి మంచులోనూ, రాయిలా గడ్డకట్టిన మంచులోనూ పనికిరావాలి. నిన్న మొదలుపెట్టినవాడికీ, చెయ్యి (ఇక్కడ కాలు) తిరిగినవాడికీ ఒకటే సరిపోవాలి. ఇలాంటి అల్లుడు దొరకడం కూడా కష్టమే.

మంచు వ్యవహారాల అధికారి ఉమెజు గారు ముందు ఊరి స్థాయి తేల్చాలన్నారు. ఇంటింటికీ పత్రాలు వెళ్ళాయి. ప్రారంభ, మధ్యమ, ప్రవీణ అని మూడు గడులు. నాలుగు వందల పన్నెండు పత్రాలు తిరిగొచ్చాయి. వాటిలో నాలుగు వందల పదకొండు మంది ప్రారంభ స్థాయివారు. వాటిని లెక్కపెట్టిన గుమాస్తాని, నేనూ అంతే.

మా ఊళ్ళో ఎవరైనా తనకు ఫలానాది వచ్చని తన నోటితో అంటే, పక్కవాళ్ళు సిగ్గుతో చచ్చిపోతారు. నెగిషి గారికి అరవై మూడేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా ఊరి పిల్లలకు బోర్డు నేర్పుతోంది. రెండుసార్లు రాష్ట్ర పోటీల్లో గెలిచింది. ఆవిడ పత్రం చూసి, కొండ మీద కనిపించినప్పుడు అడిగాను.

“ఏమిటండీ ఇది, మీరు ప్రారంభ స్థాయా?”

“నాకేం వచ్చు నాయనా, ఏదో పడిపోకుండా నెట్టుకొస్తున్నాను” అంటూనే వెనక్కి జారుతూ, నా మొహం చూసి మాట్లాడుతూ, కొండ దిగిపోయింది.

మిగిలిన ఒక్కడు హతోరి. పర్యాటకుల పనులు చూసుకోవడానికి మూడేళ్ళ ఒప్పందం మీద ఒసాకా నుంచి వచ్చినవాడు. మనసులో ఉన్నది మొహం మీద అనేసే రకం. నాలుగు పాఠాలు నేర్చుకున్నాడు కాబట్టి నిజాయితీగా ‘మధ్యమ’ గడిలో టిక్కు పెట్టాడు. దాంతో లెక్క ప్రకారం ఊరంతటికీ మొనగాడు తనే అయ్యాడు. సాంకేతిక సలహాదారుగా నియమిస్తున్నామనీ, కొత్త బోర్డు మీద ఊరందరి ముందూ జారి పరీక్షించాలనీ ఉత్తరం అందగానే పరుగెత్తుకొచ్చాడు.

“అయ్యా, పొరపాటైంది. నాకు సరిగ్గా మలుపు తిప్పడం కూడా రాదు.”

ఉమెజు గారి కళ్ళు చెమ్మగిల్లాయి. “అంత స్థాయి ఉండి ఎంత వినయం!”

“వినయం కాదండీ బాబూ, నిజం!”

“ఇంకా వినయం!”

మార్చి నెలాఖరుకి హతోరి ఒప్పందం అయిపోతుంది. దాన్ని పొడిగించాలంటే సిఫారసు రాయాల్సింది ఉమెజు గారే. హతోరి భార్య చికకి నాలుగో నెల. ఈ ఊళ్ళోనే కంటానని పట్టుబట్టి కూర్చుంది.

“రెండు నిమిషాలు జారితే పోయేదేముంది?” అంది చిక.

“పోయేది నేనే” అన్నాడు హతోరి. మర్నాడు ఒప్పుకున్నాడు.

బోర్డు ఎంపికకు ఒక్క నిమిషం పట్టింది. చవకది, ఖరీదైనది, మధ్యది అని మూడు చూపించారు. మూడు చూపిస్తే మధ్యది తీసుకోవడం మాకు పాము చేపల హోటల్లో కూడా అలవాటే. ఆ ఎంపిక సరైనదని రుజువు చేసే పరీక్షకు ఏర్పాట్లు చెయ్యడానికి మాత్రం ఏడు వారాలు పట్టింది. (ఇందులో రెండు వారాలు, పరీక్ష పేరులో ‘పరీక్ష’ అన్న మాట ఉండాలా వద్దా అన్న చర్చ.)

ఫిబ్రవరిలో ఊరంతా కొండ దగ్గర చేరింది. పందిమాంసం పులుసు గిన్నెలు చేతుల్లో పట్టుకుని చూస్తున్నాం. హతోరి అన్నిటికన్నా నిటారైన వాలు మీద నిలబడ్డాడు. మొదటి పది మీటర్లు నిలబడి వచ్చాడు. తర్వాత నలభై మీటర్లు కూర్చుని వచ్చాడు. మిగతాది ఎలా వచ్చాడో అతనికీ తెలియదు. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. అందరం చప్పట్లు కొట్టాం.

నివేదికలో ఉమెజు గారు ఇలా రాశారు: “నిలబడినా, కూర్చున్నా, పడుకున్నా బోర్డు ఒకే తీరుగా జారింది. అన్ని స్థాయిలవారికీ అనుకూలం.”

మర్నాడు ఉమెజు గారు, నెగిషి గారు, నేను ఖర్బూజా పండు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాం. నెగిషి గారు మంచం పక్కన కూర్చుని మెల్లగా అంది.

“కాళ్ళ పట్టీలు ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించారు కదండీ.”

“మీరెప్పుడు చూశారు?”

“పైన, మీరు బయలుదేరక ముందే.”

“మరి చెప్పరేం తల్లీ!” హతోరి కేకకి నర్సు పరుగెత్తుకొచ్చింది.

“అయ్యో, నేనెక్కడ, మీరెక్కడ? ప్రారంభ స్థాయిదాన్ని, మీకు నేను చెప్పడమేం బావుంటుంది?”

హతోరికి ఒళ్ళు మండిపోయింది. అది మొహంలోనే కనిపించింది. మంచానికి అటువైపు కూర్చున్న చిక కేసి చూశాడు. తర్వాత ఉమెజు గారి సంచిలో ఉన్న తన స్థాయి పత్రం ఇమ్మన్నాడు. ఎడమ చేత్తో ‘మధ్యమ’ కొట్టేసి, ‘ప్రారంభ’ గడిలో వంకరగా టిక్కు పెట్టి, “నాకేం వచ్చండీ” అన్నాడు.

ఉమెజు గారు లేచి నడుము దాకా వంగారు. సంచిలోంచి సిఫారసు కాగితం తీసి, అక్కడికక్కడే ముద్ర వేశారు. “ఇప్పుడు మీరు మా ఊరి మనిషి” అన్నారు. చిక సంతోషం పట్టలేక ఏడ్చేసింది. నేను ఖర్బూజా కోసి తలా ఒక ముక్క పెట్టాను.

మార్చిలో ముప్ఫై బోర్డులూ వచ్చాయి. ఒక్కొక్కదాని మీదా భద్రతా చీటీ అంటించారు: పరీక్షించినవారు మధ్యమ స్థాయివారు కనుక, అంతకు తక్కువ స్థాయివారికి అద్దెకివ్వరాదు. బోర్డులు కొట్లో తళతళలాడుతున్నాయి. వాటిని తీసుకునే అర్హత ఉన్నవాడు ఊళ్ళో ఒక్కడుండేవాడు. అతన్ని మేం మాలో కలుపుకున్నాం.