మేఘంలో తడిసిన కెప్టెన్

“మీవాడు నిన్న మా మేడ మీదుగా విమానం తోలుకుంటూ వెళ్లాడు. నేను బట్టలారేస్తూ చెయ్యూపితే, రెక్క ఇంత వంచి పలకరించాడు. పెంపకమంటే అదీ!” అని పక్కింటావిడ వీధి వీధంతా వినేలా ప్రకటించిందట. ఆ మాట అమ్మ కొడుక్కి ఫోనులో చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె గొంతు కూడా మేడ మీదే ఉంది.

ఆ పలకరింపు జరిగిన వేళకి సదరు చోదకుడు రెండు సముద్రాల అవతల, ఒక బుల్లి విమానం ముక్కు కింద గొంతుక్కూర్చుని, తడి స్పంజితో చచ్చిన పురుగుల్ని గోకుతున్నాడు. అది ఇద్దరు పట్టే విమానం. మూడోవాడు ఎక్కాలంటే ఇద్దరిలో ఒకడు దిగాలి. దాన్ని కడగడం, షెడ్డులోకి తోయడం, పెట్రోలు పోసేవాడికి నిచ్చెన పట్టుకోవడం, అన్నీ చదువులో భాగమే. ఈత రానివాడు గట్టున బట్టలకి కాపలా కాసినట్టు, ఎగరడం రానివాడు విమానాన్ని నెడుతూ ఉంటాడు.

“నేనింకా నెడుతున్నానమ్మా” అని ఒక్క ముక్క అనేస్తే కథ అక్కడే చక్కగా ముగిసేది. కానీ పొగడ్త అనేది చంటిబిడ్డ లాంటిది. ఎవరిదైనా సరే, చేతికిస్తే ఎత్తుకోకుండా ఉండలేం.

“అరె, ఆవిడ చూసేసిందా?” అన్నాడు మనవాడు.

అబద్ధం చెప్పలేదు. ప్రశ్న అడిగాడంతే. ఆ ప్రశ్నతో ఉద్యోగం ఖాయమైపోయింది. నాన్న ఆఫీసు సూపరింటెండెంటు. తన ప్రమోషను కోసం ఏళ్లకేళ్లు అర్జీలు పెట్టుకుని అలిసిపోయిన మనిషి. కొడుక్కి మాత్రం ఏ అర్జీ లేకుండా రాత్రికి రాత్రి ప్రమోషనిచ్చి, తెల్లారేసరికి కెప్టెన్ని చేసేశాడు. పక్కింటావిడకి పలకరింపు దక్కాక ఎదురింటివాళ్లు ఊరుకుంటారా? వాళ్లకీ దక్కింది. వెనక వీధిలో ఒకాయనకైతే విమానం రెండుసార్లు రెక్క వంచిందట. ఆయన నాన్నగారికి పైఅధికారి లెండి.

ఇంట్లో కెప్టెన్. చదివే చోట మాత్రం అతని పేరు బంతి.

బంతి ఎందుకయ్యాడంటే, పైకి లేవడంలో అతనికి లోటేమీ లేదు. గాలి అన్నాక ఎవరినైనా లేపుతుంది. దిగడంలోనే ఉంది తిరకాసు. రన్‌వే దగ్గరపడేసరికి అతనికి నేల మీదపడి కరుస్తుందనిపించేది. ఇంకా నిలువెత్తు ఎడముండగానే ముక్కు పైకి లాగేసేవాడు. విమానం పాపం ఏం చేస్తుంది? దబ్బుమని పడి, ఎగిరి, మళ్లీ పడి, మళ్లీ ఎగిరేది. కంట్రోల్ టవర్లో కూర్చున్నవాళ్లు టీ కప్పులు కింద పెట్టి మరీ చూసేవాళ్లు.

పక్క సీట్లో కూర్చునే ఇన్‌స్ట్రక్టరు భారీ మనిషి. కుర్రాళ్లు ఆయనకి బస్తా అని పేరు పెట్టుకున్నారు. ఆయన ఏనాడూ అరవలేదు. ప్రతి గెంతుకీ ఒక నిట్టూర్పు విడిచేవాడు, ఆ నిట్టూర్పుకి కాక్‌పిట్ అద్దం మసకబారేది.

“నేలంటే ఎందుకంత భయం? నువ్వు పుట్టింది దాని మీదే కదా,” అనేవాడు. “ముక్కు కిందికి చూడకు. దారి చివరికి చూడు.”

తనతో వచ్చినవాళ్లంతా ఒంటరిగా ఎగిరేశారు. మనవాడొక్కడే మిగిలాడు. ఈ నెలాఖరులోగా ఒంటరిగా పంపదగ్గ మనిషి కాకపోతే ఇంటికి పంపించేస్తామని ఆఫీసులో మర్యాదగా చెప్పారు. ఇంటికా! ఇంటి మీదుగా రోజూ వెళుతున్నవాడు ఇంటికెలా వెళతాడు?

సరిగ్గా అప్పుడే నాన్న ఫోను చేసి, కాలనీ సంఘం సెక్రటరీగారు ముచ్చట పడుతున్నారనీ, ఒంటరిగా నడిపిన గుర్తుగా ఫోటో ఒకటి పంపమనీ అడిగాడు.

మనవాడు చదివే చోట ఆ గుర్తు ఎలా ఉంటుందంటే, మొదటిసారి ఎవడైనా ఒంటరిగా ఎగిరి క్షేమంగా దిగితే, తోటివాళ్లు కాచుకుని ఉండి నెత్తిన బకెట్టెడు నీళ్లు కుమ్మరిస్తారు. ఆ తడి మొహాన్ని ఫోటో తీసి గోడకి తగిలిస్తారు. వాళ్లలో అంతకి మించిన పట్టాభిషేకం లేదు. మనవాడి ఫోటో కోసం ఆ గోడ మీద మేకు ఒకటి చాన్నాళ్లుగా ఎదురుచూస్తోంది.

మేకు ఆగినా కాలనీ ఆగదు కదా! మనవాడు యూనిఫారం తొడుక్కుని, స్నానాల గదిలో నిలబడి, తన నెత్తిన తానే ఒక చెంబు పోసుకున్నాడు. బకెట్ అంతా పోసుకోలేదు. రోజూ వేసుకునేది ఆ ఒక్క జతే మరి. గదిలో ఉండే స్నేహితుడు సబ్బుపెట్టె కనబడకుండా ఫోను అటూ ఇటూ తిప్పి తీశాడు.

“రేపు నిజంగా ఎగిరితే ఏం పంపుతావురా బంతీ?” అన్నాడు వాడు.

“ముందు ఎగరనీ,” అన్నాడు మనవాడు, చొక్కా పిండుకుంటూ.

ఫోటో అందింది. అమ్మ కంగారుపడింది, బిడ్డ తడిసిపోయాడేమని. నాన్న నవ్వి, మేఘాలంటే ఏమిటనుకున్నావు, నీళ్లే కదా, మధ్యలోంచి దూసుకెళ్లేవాడు తడవకుండా ఎలా ఉంటాడని కాలనీ మొత్తానికీ వివరించాడు. కాలనీలో సైన్సు మాస్టారు ఒకాయన ఉన్నాడు. ఆయన నోరు తెరిచాడు గానీ, ఆయన పెద్దకొడుకు నాన్నగారి ఆఫీసులోనే పనిచేస్తున్నాడు. మూసుకున్నాడు. ఆ రోజు నుంచి మేఘాలు విమానం లోపలున్న మనిషిని కూడా తడుపుతాయన్నది ఆ కాలనీలో రుజువైన సంగతి.

ఆ ఊపులో సెక్రటరీగారు ఆదివారం సభ పెట్టారు. గోడంత తెర కట్టి, పిల్లలందరినీ పోగేసి, కెప్టెన్‌గారి చేత ఫోనులోంచే ఉపన్యాసం ఇప్పిస్తారట. విషయం, ‘ఎత్తుకు ఎదగడం ఎలా’. మనవాడు ఉపన్యాసం కంఠతా పట్టాడు. అందులో ఎదగడం గురించి ఎంతైనా ఉంది, దిగడం గురించి ఒక్క ముక్క లేదు.

ఆ ఆదివారం పొద్దున గాలి కదలకుండా పడుకుంది. బస్తా పిలిచాడు. ఒక చుట్టు తిప్పించాడు. ఎందుకో మనవాడు ఆ పూట కళ్లు రన్‌వే చివర పెట్టాడు. విమానం ఒకే ఒక్కసారి నేలని తాకి, బుద్ధిగా పరిగెత్తింది. బస్తా నిట్టూర్చలేదు. పక్కకి తీసి ఆపమన్నాడు. తలుపు తెరిచాడు. బెల్టు విప్పుకుని, ఆ భారీ కాయాన్ని ఒక్కో కాలే కిందికి దించాడు.

“ఎక్కడికి సార్?” అన్నాడు మనవాడు.

“నేను ఇక్కడే ఉంటాను. నువ్వే వెళుతున్నావు.”

బస్తా దిగిన విమానం పలుపు తెంపుకున్న దూడలా పైకి లేచింది. మనవాడు అలవాటుకొద్దీ పక్కకి చూశాడు. సీటు ఖాళీ. బెల్టు మాత్రం దానంతటది ఊగుతోంది. అంత ఎత్తున, కంఠతా పట్టిన ఉపన్యాసంలో ఒక్క వాక్యమూ గుర్తుకు రాలేదు. చిన్నప్పుడు సైకిలు వెనక నుంచి నాన్న చెయ్యి వదిలేసిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజూ ముందుకే చూశాడు, పడలేదు. ఇవాళ దారి చివరికి చూశాడు. చూస్తుండగానే నేల వచ్చి చక్రాల కింద చేరింది. కరవలేదు.

విమానం దిగాడో లేదో, బకెట్ పడింది నెత్తిన. తొందరలో తేటనీళ్లు దొరక్క, అప్పటిదాకా విమానం కడిగిన నీళ్లే పోశారు. చెవుల్లో నురగ, జుట్టులో పురుగులు. ఫోటోలో కెప్టెన్ లేడు, వానకి తడిసిన కోడిపుంజు ఉంది. అది తన జన్మలోకెల్లా అందమైన ఫోటో అని అతనికి తోచింది. ఇంటికి పంపుదామని ఫోను తీసి, ఆగిపోయాడు. పంపి ఏమనాలి? ఇంట్లో ఆ సంబరం ఎప్పుడో అయిపోయింది.

ఫోను తనంతట తానే మోగింది. సభవాళ్లు. తుడుచుకునే వ్యవధి లేదు. అవతల హాలు నిండా జనం. ముందువరసలో నాన్న ఇస్త్రీ చొక్కా, పక్కన అమ్మ, వాళ్ల పక్కన పక్కింటావిడ.

“కెప్టెన్‌గారూ! మళ్లీ మేఘంలోంచేనా రావడం?” అన్నారు సెక్రటరీగారు మురిసిపోతూ.

మనవాడికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటు నిజం కూడా జారిపోయింది. “కాదండీ, బకెట్లోంచి. ఇవాళే మొదటిసారి ఒక్కణ్ణే ఎగిరాను.”

హాల్లో చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. నాన్న లేచాడు. “పెద్ద విమానం సంగతండీ. చిన్నవి వాడికి ఎప్పుడో...”

“చిన్నదే నాన్నా. ఇద్దరే పడతారు. ఇప్పటిదాకా పక్కన ఇంకొకాయన ఉండేవాడు.”

నాన్న కూర్చోలేదు, నిలబడనూ లేదు. మధ్యలో ఎక్కడో ఆగాడు. వెనక వీధి పైఅధికారి కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. సైన్సు మాస్టారు మాత్రం ఆ సభలో మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

అంతలో ఆ కాలనీ మీదుగా ఏదో విమానం వెళుతున్న మోత వినిపించింది. పక్కింటావిడ అలవాటుగా చెయ్యెత్తింది. ఎత్తిన చేతిని తానే ఓసారి చూసుకుంది. మెల్లగా దించి, నాన్న వైపు తిరిగింది.

“అయితే ఇన్నాళ్లూ నా చేత ఎవడికి చెయ్యూపించారయ్యా?”