క్రిములు లేని తరవాణి

పెంటపాడు మంగతాయారు ఇంటి తరవాణి కుండను జాతికి అంకితం చేస్తున్నట్టు మంత్రిగారు ఏలూరు సభలో ప్రకటించారు. ఆ పుల్లనీళ్ళలో కడుపుకి మేలు చేసే బాక్టీరియా ఉందని పరిశోధకులు తేల్చారట. "ఇకనుంచి ప్రతి పేగుకీ ప్రభుత్వం అండ!" అన్నారు మంత్రిగారు. సభ చప్పట్లతో మార్మోగింది. పేగులేమనుకున్నాయో తెలియదు.

మంగతాయారుకి ఈ సంగతి మర్నాడు తెలిసింది. రోజూ గంజీ, బియ్యం కడుగూ పోస్తూ, ఏనాడూ అడుగు ఖాళీ కానివ్వకుండా నిలబెట్టుకొచ్చిన కుండ అది. అత్తగారు పోతూ పోతూ కొడుకుని అప్పజెప్పలేదు, కుండని అప్పజెప్పింది. "అడుగు ఎండనివ్వకే" అన్నదే ఆవిడ ఆఖరిమాట.

పార్టీ మండల అధ్యక్షుడు అబ్బాయిరాజు వచ్చాడు.

"అక్కా, ఎల్లుండి మంత్రిగారు మీ తరవాణి పుచ్చుకుంటారండి. పేపరోళ్ళూ వస్తారు."

"దానికేం భాగ్యం బాబూ, ఓ గ్లాసు ముంచిస్తాను."

"అబ్బెబ్బే! అలా కుదరదండి. ప్రోటోకాల్ ఉంటది."

ప్రోటోకాల్ పేరు తాతారావు. హెల్త్ ఇన్‌స్పెక్టరు. సీసాతో తరవాణి పట్టుకెళ్ళినవాడు సాయంత్రానికి రొప్పుతూ తిరిగొచ్చాడు.

"ఏవండీ, ఇందులో కోట్ల బాక్టీరియా ఉందండీ!"

"అందుకేగదండీ మంత్రిగారు వస్తన్నారు," అన్నాడు అబ్బాయిరాజు.

"రావచ్చండి. తాగకూడదు. ఆయన నోట్లోకి ఒక్క క్రిమి వెళ్ళినా నా ఉద్యోగం ఊడుద్ది."

ఇద్దరూ ఆలోచించారు. దేశం ముందుకెళ్ళేది ఇలాంటి ఆలోచనల వల్లే. అది చికున్‌గున్యా ఏడాది కావడంతో జీపులో బ్లీచింగ్ పౌడరుకి లోటు లేదు.

మంగతాయారు కుండకి అడ్డం నిలబడింది. "అయ్యా, అడుగు పోతే మళ్ళీ పులవదండి!"

"భయపడకండమ్మా. ఒక్కదాన్నీ వదలం," అని భరోసా ఇచ్చి, తాతారావు కుండ బోర్లించాడు.

అనుకున్న రోజుకి ఆ కుండ నిండా మినరల్ వాటరూ, నిమ్మరసమూ, రంగుకి కాస్త గంజీ. మంత్రిగారు గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నారు.

"అమృతం! ఇందులో ఒక్క బాక్టీరియా కూడా లేదని ల్యాబ్ రిపోర్టు చెబుతోంది. ప్రోబయోటిక్ అంటే ఇదీ!"

కుండ ఏలూరు వెళ్ళి అద్దాల పెట్టెలో కూర్చుంది. మంగతాయారుకి శాలువా, 'క్రిమిరహితం' అని ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు దక్కాయి.

ఆవిడ రెండూ పక్కన పెట్టి, ఖాళీ కుదురు వంక చూస్తూ కూర్చుంది. పక్కింట్లో బట్టలు కుట్టే షహనాజ్ చెంబుతో వచ్చింది.

"పిన్నిగారూ, పోయిన వేసవిలో మా పాపకి విరేచనాలు పట్టుకుంటే మీరిచ్చిన తోడండి ఇది. అడుగు ఎండనివ్వలేదు."

మంగతాయారు లేచి కొత్త కుండ కడిగింది.

నాలుగో రోజు పేపర్లో చిన్న వార్త పడింది. కొల్లేరు చేపలు పడక మంత్రిగారు తాడేపల్లిగూడెం గెస్ట్‌హౌసులోనే విశ్రాంతి తీసుకుంటున్నారట. ఆ మధ్యాహ్నమే అబ్బాయిరాజు స్టీలు క్యానుతో పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, ఏ మాత్రకీ విరేచనాలు కట్టుకోలేదండి. పెద్ద డాక్టరుగారు తరవాణి పట్టమన్నారు."

మంగతాయారు గరిటె ముంచి, ఆగింది.

"ఇందులో క్రిములున్నాయి బాబూ. పర్లేదా?"

అబ్బాయిరాజు వీధి వైపోసారి చూసి, క్యాను మూత తీశాడు.

"నిండా పొయ్యండి."