అల్లం సేటు వైరు

చెప్పుకుంటే సిగ్గు, చెప్పకపోతే కడుపుబ్బరం. మీరు బయట అననంటేనే చెబుతాను.

ఎనభై ఆరులో, జహీరాబాద్‌లో మా పక్కింటి ఇంద్రసేన బొంబాయి నుంచి వీసీఆర్ తెచ్చాడు. అల్లం వ్యాపారం కాబట్టి గల్లీ అంతా అతన్ని అల్లం సేటు అనేవారు. నేను వ్యాన్ల ఫ్యాక్టరీ స్టోర్‌లో నట్లూ బోల్టులూ ఇచ్చేవాణ్ని. నన్నెవరూ ఏమీ అనేవారు కాదు.

ఆదివారం మధ్యాహ్నం కాగానే మా ఆవిడ భాగీరథి చాప చంకలో పెట్టుకుని వాళ్లింటికి సినిమాకి పోయేది. పోతే పోయింది. తిరిగొచ్చాక మొదలయ్యేది నాకు అసలు సినిమా.

"ఇంద్రసేన అన్న తనే పొయ్యి కాడ నిలబడి అందరికి చాయ్ పోసిండు. ఏం చాయ్! మొగోడంటే గట్లుండాలె."

"అల్లం అమ్మేటోడు అల్లం చాయ్ పెట్టక ఇంకేం పెడ్తడు?"

"మరి నువ్వు బోల్టులు ఇచ్చేటోనివే గద. ఇంట్ల ఒక్క బోల్టన్న బిగించినవా?"

ఒళ్లు భగ్గుమంది. సాటి మగవాడి చాయ్ చూసి కుళ్లుకున్న మొగుడు మెదక్ జిల్లా మొత్తానికి నేనొక్కణ్నే అయ్యుంటాను. అతనికి వీసీఆర్ ఉండనీ, కలర్ టీవీ ఉండనీ, నాకేం? భాగీరథి నోట ఆ చాయ్ మాట రాకూడదు. ఆదివారం ఆమె మా ఇంట్లో, నా పక్కన కూర్చుని సినిమా చూడాలి. అంతే.

రేడియో మెకానిక్ దస్తగిర్‌ని అడిగాను. వాళ్ల వీసీఆర్ నుంచి గోడ మీదుగా మా టీవీకి వైరు లాగితే అక్కడ ఆడే సినిమా ఇక్కడా కనిపిస్తుందన్నాడు. భాగీరథి కూరగాయలకు పోయిన వేళ చూసి ఇంద్రసేన ఇంటికి వెళ్లాను.

"మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులు సేటూ. మీ మెట్లెక్కలేకపోతుంది. జర వైరు గుంజుకోనిస్తే ఇంట్లనే కూసొని చూస్తది."

"అయ్యో, దానికేముంది రామ్‌కిషనన్నా! గుంజుకో," అన్నాడు.

అతని భార్య తారాబాయి మాత్రం నన్ను ఎగాదిగా చూసింది. "మొన్న ఉరుక్కుంట ఎక్కింది గదన్నా?"

"అందుకే నొప్పి లేసింది చెల్లె," అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం పొద్దున దస్తగిర్ వైరు బిగించి వెళ్లాడు. మధ్యాహ్నం బొమ్మ వచ్చింది. భాగీరథి ముక్కున వేలేసుకుంది.

"నీ కోసమే," అన్నాను.

"గంత ప్రేమనా! ఆగు, తారాబాయికి ఒక మాట జెప్పొస్త," అని వెళ్లింది. వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. ఐదు నిమిషాలకు బొమ్మ కూడా పోయింది. తెర నిండా చుక్కలు.

టీవీ నెత్తిన రెండు దెబ్బలేశాను. ఉన్న బటన్లన్నీ తిప్పాను. స్టూలెక్కి గోడ మీంచి అరిచాను.

"సేటూ! మీ దిక్కు బొమ్మొస్తుందా?"

"అద్దం లెక్క వస్తుందన్నా!"

మళ్లీ దస్తగిర్ కోసం పరిగెత్తాను. అతను టీవీ వెనక అట్ట విప్పాడు, అతుకులన్నీ పట్టి చూశాడు. "టీవీ ఠీక్. వైరు ఠీక్. ఖరాబీ ఉంటే గోడ అవతలనే సాబ్," అన్నాడు.

ఇద్దరం వైరు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. రెండో కొసన తారాబాయి కూర్చుని ఉంది. వీసీఆర్‌కి ఉండాల్సిన పిన్ను ఆమె గుప్పిట్లో ఉంది. పక్కన భాగీరథి గొంతుక్కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"రా, రా," అంది భాగీరథి. "నా మోకాళ్లకు ఏం దవా తెచ్చినవు?"

గల్లీ ఆడవాళ్లంతా ఒక్కసారే నవ్వారు. దస్తగిర్ కూడా నవ్వాడు, వాడికేం పోయేకాలమో!

"పిన్ను పెట్టు చెల్లె," అన్నాను గొణుగుతూ.

"పెడ్తనన్నా. ముందుగాల ఆరు గ్లాసుల చాయ్ గోడ మీదికెల్లి రావాలె. భాగీరథి వదిన పెట్టిన షర్తు."

"నేనా? చాయా? సేటున్నడు గద!"

ఇంద్రసేన నా భుజం మీద చెయ్యేసి పక్కకు లాగాడు. "వీసీఆర్ వచ్చినకాడికెల్లి పెడ్తనే ఉన్ననన్నా. పెట్టకపోతే నాకూ బొమ్మ బందే. నువ్వు చెయ్యేస్తే నా నడుముకు జర ఆరాం దొరుకుతది."

ఇన్నాళ్లూ నేను ఏడ్చింది ఈ మనిషిని చూసా!

అతనే మా వంటింట్లోకి వచ్చి పాలెక్కడ, చాయ్‌పత్తి ఎక్కడ అని వెతికిపెట్టాడు, అల్లం ఎంత దంచాలో చెప్పాడు. చెయ్యి కాలింది. అయినా ఆరు గ్లాసులూ గోడ దాటించాను. వెంటనే బొమ్మ వచ్చింది. నేను కుర్చీలో కూర్చున్నాను. భాగీరథి కోసం వేసిన కుర్చీలో ఇంద్రసేన కూర్చున్నాడు.

గోడ అవతల నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"గిదేం చాయ్! ఇంద్రసేన అన్న చాయే నయం!"

సినిమా ఎవడు చూశాడు? ఇంద్రసేన వైపు కుర్చీ జరుపుకున్నాను.

"సేటూ, అల్లం ఎంత దంచాల్నో మల్లోసారి జెప్పు."